చిట్టెలుకలకు ట్రిప్టోఫాన్ ఇచ్చి ఈత పరీక్ష పెట్టేవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

తిరుపతిలో ఎం.ఫార్మసీ చదివే జూనియర్లు ఏటా అడుగుతారు, "అక్కా, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చి డిప్రెషన్ మీద ప్రాజెక్టు చేయాలి, ఎక్కడ మొదలుపెట్టేది?" అని. ఐఏఈసీ (జంతువుల మీద ప్రయోగాలను పరిశీలించే సంస్థలోని నైతిక కమిటీ) అనుమతి చేతికి రాకుండా ఒక్క చిట్టెలుకను కూడా తెప్పించొద్దు. అది వచ్చాక నీళ్ళ దగ్గర మొదలుపెట్టండి.

ఫోర్స్‌డ్ స్విమ్ టెస్ట్ 1977లో పోర్‌సోల్ట్ బృందం తెచ్చింది. గాజు సిలిండర్‌లో తోక అడుగుకు తగలనంత లోతు నీళ్ళు పోసి చిట్టెలుకను 6 నిమిషాలు వదులుతాం, మొదటి 2 నిమిషాలు లెక్కలోకి తీసుకోం, చివరి 4 నిమిషాల్లో తల మాత్రం నీళ్ళపైన ఉంచుకుని ఎంతసేపు కదలకుండా తేలిందో కొలుస్తాం. ఎక్కువసేపు కదలకుండా ఉంటే దాన్ని డిప్రెషన్ లాంటి ప్రవర్తనగా లెక్కిస్తాం. నీళ్ళు 23 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన ఊళ్ళో మధ్యాహ్నం పూట డాబా మీది ట్యాంకు కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది కదా, ఆ నీళ్ళతో ఈ పరీక్ష కుదరదు. నా మొదటి బ్యాచ్‌లో కంట్రోల్ గ్రూపును పొద్దున, ట్రిప్టోఫాన్ గ్రూపును మధ్యాహ్నం చేశాను, థర్మామీటర్ పొద్దున ఒక్కసారే పెట్టాను. తేడా బ్రహ్మాండంగా వచ్చింది. కానీ అది మందు వల్లో, నీళ్ళ వేడి వల్లో, పూట మారినందుకో చెప్పే దారి లేదు. ఆ డేటా మొత్తం తీసేయాల్సి వచ్చింది, అన్ని ప్రాణాలను ఊరికే ఇబ్బంది పెట్టానన్న బాధ మాత్రం ఇప్పటికీ పోలేదు. అందుకే చెబుతున్నా: ముందురోజు సాయంత్రమే బకెట్లు నింపి ఏసీ గదిలో పెట్టండి, ప్రతి చిట్టెలుకకూ నీళ్ళు మార్చండి, దించే ముందు ప్రతిసారీ వేడి చూడండి, గ్రూపులను కలగలిపి చేయండి. బయటికి తీయగానే మెత్తటి టవల్‌తో తుడిచి, వెచ్చగా ఉన్న కేజ్‌లో పెట్టండి.

ఇక మందు. ట్రిప్టోఫాన్ నీళ్ళలో అంత సులభంగా కరగదు, గది వేడిమి దగ్గర మిల్లీలీటరుకు దాదాపు 11 మిల్లీగ్రాములే. కిలో బరువుకు 10 మి.లీ. లెక్కన ఎక్కిస్తే కిలోకు 100 మి.గ్రా. డోసు దగ్గరే అంచుకు వచ్చేస్తాం. అంతకుమించి కావాలంటే పలుకులు తేలుతున్న ద్రావణాన్ని సూదితో పొట్టలోకి పొడవకుండా, సీఎంసీ (పొడి అడుగుకు దిగకుండా నిలిపే చిక్కటి ద్రవం)లో కలిపి నోటి ద్వారా ఇవ్వండి, కంట్రోల్ గ్రూపుకూ అదే సీఎంసీ అదే దారిలో పోవాలి. సీసాకు వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టండి. పోల్చుకోవడానికి ఫ్లూఆక్సిటిన్ (డిప్రెషన్‌కు వాడే మందు) గ్రూపు ఒకటి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే తెలిసిన మందే మీ గదిలో పని చేయకపోతే తప్పు ట్రిప్టోఫాన్‌ది కాదు.

వీడియో తీయండి, ఏ చిట్టెలుక ఏ గ్రూపుదో తెలియని స్నేహితురాలి చేత లెక్కపెట్టించండి. మనమే లెక్కపెడితే మన ఆశ కూడా స్టాప్‌వాచ్ నొక్కుతుంది.

కదలకుండా ఉన్న సమయం తగ్గిందనుకుందాం. వెంటనే సంబరపడొద్దు, కాఫీలోని కెఫీన్ ఇచ్చినా అది తగ్గుతుంది, చిట్టెలుక ఊరికే ఎక్కువ తిరుగుతుంది కాబట్టి. అందుకే ఓపెన్ ఫీల్డ్ పరీక్షలో (ఖాళీ పెట్టెలో వదిలి చూసేది) దాని మామూలు తిరుగుడు కూడా చూడాలి. అక్కడ తేడా లేకుండా ఈతలో మాత్రమే తేడా వస్తే అప్పుడు ఆ ఫలితానికి బలం. చక్కెర నీళ్ళ పరీక్ష (మామూలు నీళ్ళ సీసా, చక్కెర నీళ్ళ సీసా పెట్టి దేన్ని ఎక్కువ తాగుతుందో చూసేది) కూడా కలిపితే ఇంకా మంచిది, కాకపోతే రెండు సీసాల స్థానాలు మార్చుతూ ఉండాలి, కొన్ని చిట్టెలుకలు అలవాటుగా ఒకే పక్క తాగుతాయి.

ఎందుకు పని చేసిందో చూపించాలంటే పీసీపీఏ అనే మందు కూడా ఇచ్చే గ్రూపు పెట్టండి. ట్రిప్టోఫాన్ మొదట 5-హెచ్‌టీపీగా, తర్వాత మనసు తీరుతో సంబంధమున్న మెదడు రసాయనం సెరోటోనిన్‌గా మారుతుంది, పీసీపీఏ ఆ మొదటి మెట్టునే ఆపేస్తుంది. అది ఇచ్చాక ప్రభావం పోయిందంటే సెరోటోనిన్ దారి ఉందనడానికి ఆధారం దొరికినట్టే. అయితే ట్రిప్టోఫాన్‌లో ఎక్కువ భాగం సెరోటోనిన్ కాకుండా కైన్యురెనిన్ అనే వేరే పదార్థం తయారయ్యే దారిలో పోతుందనీ, మెదడులోకి వెళ్ళేచోట మేతలో వచ్చే ల్యూసిన్, టైరోసిన్ లాంటి వేరే అమైనో ఆమ్లాలు దానితో పోటీ పడతాయనీ మర్చిపోవద్దు, కాబట్టి అన్ని గ్రూపులకూ మేత ఒకటే ఉండాలి.

థీసిస్‌లో "డిప్రెషన్ తగ్గింది" అని రాయకండి, "డిప్రెషన్ లాంటి ప్రవర్తన తగ్గింది" అని రాయండి. ఈ మాట మీద నాకెందుకింత పట్టుదలంటే, చిత్తూరులో ఉండే మా పెద్దమ్మ నా ప్రాజెక్టు సంగతి విని, "అయితే నా మాత్రలు మానేసి ఆ పొడి కొనుక్కోనా?" అని ఫోన్ చేసింది. ఆమె వాడేది ఫ్లూఆక్సిటిన్. దాన్ని ఉన్నట్టుండి మానకూడదు, దాని మీద ట్రిప్టోఫాన్ వేసుకుంటే సెరోటోనిన్ మరీ పెరిగి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. "పెద్దమ్మా, నేను చూసింది చిట్టెలుక నీళ్ళలో ఎంతసేపు కాళ్ళాడించిందో అంతే, నీ మాత్రల సంగతి నీ డాక్టరునే అడుగు" అని చెప్పాను.