కామెరాన్ కొండల్లో ఒక రోజు: ముందు అడవి, తరువాత తేయాకు

కౌలాలంపూర్ నుండి పొద్దున్నే తీసుకువెళ్ళి, కామెరాన్ హైలాండ్స్ చూపించి, రాత్రికి మళ్ళీ హోటలు ముందు దింపుతామనే ప్యాకేజీలు మలేసియా వెళ్ళే మనవారికి తరచుగా ఎదురవుతాయి. వీలైనంతవరకు వాటిని తీసుకోకండి. దూరం దాదాపు 200 కిలోమీటర్లే అయినా, కొండ కిందనున్న తాపా ఊరి దగ్గర హైవే దిగాక మిగిలిన 60 కిలోమీటర్లు మలుపు మీద మలుపుగా సాగే ఘాట్ రోడ్డు. పోవడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు వ్యానులోనే గడిచిపోతే, కొండ మీద మిగిలేది మధ్యాహ్నం కొద్దిసేపు మాత్రమే, అది కూడా మంచు కమ్ముకునే వేళ. దానికి బదులు ముందు రోజు సాయంత్రానికి బస్సులో కొండ మీది తానా రాటా అనే ఊరు చేరుకుని, రాత్రి అక్కడ ఉండి, మరునాడు ఉదయం స్థానిక గైడుతో బయలుదేరడం మంచిది. బస చేసే చోటే గైడును మాట్లాడిపెడతారు. అక్కడి టూర్లలో సగం రోజువి, పూర్తి రోజువి రెండూ ఉంటాయి.

పహాంగ్ రాష్ట్రంలోని ఈ కొండసీమకు 1885లో ఇక్కడ సర్వే చేసిన విలియం కామెరాన్ పేరు పెట్టారు. తానా రాటా ఊరు సుమారు 1,440 మీటర్ల ఎత్తున ఉంటే, పక్కనున్న బ్రించాంగ్ శిఖరం 2,000 మీటర్లు దాటుతుంది. మీరు చూడబోయే తేయాకు తోటా, చెట్లన్నీ నాచు కప్పుకుని ఉండే ‘నాచు అడవీ’ ఈ రెండు ఎత్తుల మధ్య ఒకే దారి మీద ఉన్నాయి. చాలామంది గైడులు దారిలో ముందుగా తగిలే తోట దగ్గర బండి ఆపి, ఫోటోలు తీయించి, టీ తాగించి, ఆ తరువాతే పైకి తీసుకువెళతారు. మీరు మాత్రం ముందు శిఖరానికి, తిరుగు దారిలో తోటకు అని బేరం కుదిరేటప్పుడే స్పష్టంగా చెప్పండి.

ఎండ ఎక్కేకొద్దీ లోయలోని తేమ గాలి వేడెక్కి పైకి లేచి, శిఖరం ఎత్తుకు వచ్చేసరికి చల్లబడి మేఘమవుతుంది. తొమ్మిది గంటలలోపు పైన ఉంటే ఒక పక్క లోయ, ఇంకో పక్క వరుసగా కొండలు కనిపించే అవకాశం ఉంటుంది. మధ్యాహ్నం తరువాత వెళితే ఎదుట తెల్లటి గోడ నిలబడుతుంది. నేను మొదటిసారి మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి, నా ముందు నడుస్తున్న మనిషి గొడుగు తప్ప ఏమీ చూడకుండా దిగివచ్చాను. పైగా తోట మధ్యలోంచి శిఖరానికి పోయే రోడ్డు చాలా ఇరుకు. ఎదురుగా బండి వస్తే రెండింటిలో ఒకటి వెనక్కి జరగవలసిందే కనుక, శని, ఆదివారాల్లోనూ పాఠశాలల సెలవుల్లోనూ పదకొండు దాటితే బండ్లు బారులు తీరి ఆగిపోతాయి.

గైడును ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు అడగవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మలేసియాలో గైడులకు పర్యాటక మంత్రిత్వ శాఖ లైసెన్సు ఇస్తుంది, ప్రకృతి ప్రాంతాలకు పరిమితమైన గైడులకు ఆకుపచ్చ బ్యాడ్జి ఉంటుంది. అది ఉన్నదో లేదో అడగడంలో మొహమాటం అక్కర్లేదు. బండి నడిపే మనిషే గైడా, లేక వేరే వ్యక్తి అడవిలోకి వెంట నడుస్తాడా అన్నది రెండో ప్రశ్న, ఇదే ముఖ్యమైనది కూడా. కొందరు డ్రైవర్లు బండి దగ్గరే నిలబడి, అరగంటలో తిరిగి రమ్మని పంపించేస్తారు. అలా వెళ్ళినవారికి అడవి ఒక పచ్చటి గందరగోళంగానే మిగిలిపోతుంది. ఇక నాచు అడవిలోని చెక్కబాటను మరమ్మతుల కోసం అప్పుడప్పుడు మూసివేస్తుంటారు కనుక, తెరిచి ఉన్నదా, లేకపోతే బదులుగా ఎక్కడ నడిపిస్తారు అన్నది ముందు రోజే కనుక్కోవాలి. ఈ కొండల్లో దశాబ్దాల నాటి ల్యాండ్ రోవర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి వెనుక సీట్లలో కూర్చుంటే నడుము తెలిసిపోతుంది కాబట్టి, పెద్దవారు వెంట ఉంటే వారికి ముందు సీటు అడిగి పెట్టుకోండి.

రాత్రి పదిహేను డిగ్రీల దాకా దిగే చోటు గనుక పొద్దున్నే పలుచటి స్వెట్టరు కావాలి. వానకోటు ఏ నెలలోనైనా వెంట ఉండాలి, అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే తప్పనిసరి. అడుగున గాట్లున్న బూట్లు వేసుకోవాలి, ఎందుకంటే చెక్కబాట దిగితే నేల నల్లటి బురద, దాని మీద చెప్పులు నిలవవు. చీర కట్టుకున్న అమ్మలు, అమ్మమ్మలు చెక్కబాట మీద నిశ్చింతగా నడవగలరు గానీ, వేళ్ళు పట్టుకుని ఎక్కవలసిన కాలిబాటలకు వారిని తీసుకువెళ్ళకండి. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పేవారు వాంతి మాత్రను బండి ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. మలుపులు మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం ఉండదు.

పైన అడుగు పెట్టగానే మొదట తెలిసేది నిశ్శబ్దం. నాచు ధ్వనిని పీల్చేస్తుందేమో అనిపిస్తుంది. చలికి, గాలికి, సారం లేని నేలకు ఇక్కడి చెట్లు గిడసబారి వంకర తిరిగి ఉంటాయి. మొదలు నుండి చివరి కొమ్మ దాకా నాచు, ఫెర్నులు, చిన్న చిన్న ఆర్కిడ్లు అంటుకుని ఉంటాయి. మేఘం కొమ్మల మధ్య నుండి సాగిపోయేటప్పుడు ఈ నాచే దానిలోని తుంపరలను ఒడిసి పట్టి, స్పంజిలా దాచుకుని, చుక్కచుక్కగా వదులుతుంది, కింది వాగులకు వాన లేని రోజుల్లో కూడా నీరు అందడానికి అదొక కారణం. అందువల్లనే నాచు మీద కాలు పెట్టవద్దని, చేత్తో నొక్కి చూడవద్దని గైడులు పదే పదే చెబుతారు. నొక్కిన చోట అది మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

ఇక్కడ గైడును అడిగి తప్పక చూడవలసింది కూజా మొక్క. మలేసియా ద్వీపకల్పంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని నెపెంథిస్ మాక్‌ఫార్లేనీ అనే జాతి ఈ శిఖరం మీద కనిపిస్తుంది. ఆకు కొస నుండి సాగిన తీగ చివర, అరచేతిలో ఇమిడే చెంబు ఒకటి, పైన సగం తెరిచిన మూత. ఆ మూత నీడలో తల వంచి లోపలికి చూస్తే, అడుగున రెండంగుళాల ద్రవం, అందులో తేలుతున్న చీమలు, ఒక ఈగ రెక్క కనిపిస్తాయి. నేలలో దొరకని నత్రజనిని ఈ మొక్క ఇలా పురుగుల నుండి సంపాదించుకుంటుంది. మంచి గైడు ఇక్కడ పది నిమిషాలు ఆగుతాడు. దారిలో ఏదో ఆకు నలిపి వాసన చూపించి, అల్లమా, దాల్చినచెక్కా చెప్పమంటాడు.

నంబర్లు వేసిన అడవి బాటలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వాటిలోకి ఒంటరిగా పోవద్దు. థాయ్ పట్టు వ్యాపారంతో పేరు గడించిన అమెరికన్ జిమ్ థాంప్సన్ 1967 మార్చి 26న తానా రాటా సమీపంలోని ఒక బంగళా నుండి నడకకు బయలుదేరి తిరిగి రాలేదు. ఎంత వెదికినా ఆనవాలు దొరకలేదు. గైడులు ఈ కథను రకరకాలుగా చెబుతారు, వినోదానికి వినండి. రఫ్లీషియా అనే చాలా పెద్ద అడవి పువ్వు చూపిస్తామంటే మాత్రం, ఇవాళ విచ్చుకున్న పువ్వు ఉన్నదా అని నేరుగా అడగండి. మొగ్గ నెలల తరబడి పెరిగి, విచ్చుకున్నాక వారం కూడా నిలవదు. పైగా అది సాధారణంగా పక్క రాష్ట్రమైన కెలంతాన్ సరిహద్దు దాటి లోజింగ్ అనే చోటు వైపు, జలగలు ఉండే దారిలో ఉంటుంది. పువ్వు ఖాయమైతేనే పూర్తి రోజు టూరు తీసుకోండి.

దిగేటప్పుడు తోట. 1929లో జె.ఎ. రస్సెల్ స్థాపించిన బోహ్ తేయాకు సంస్థకు బ్రించాంగ్ పక్కన సుంగై పలాస్ తోట ఉంది. రింగ్‌లెట్, తానా రాటా ఊళ్ళ మధ్య రోడ్డు మీదనే 1933 నాటి భారత్ టీ తోట కూడా కనిపిస్తుంది. సుంగై పలాస్‌లో కర్మాగారం చూడవచ్చు. అయితే దానికి వారాంతపు సెలవు కాకుండా వేరే సెలవు రోజు ఉండవచ్చు కనుక, ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో గైడు చేత ఫోను చేయించండి. యంత్రాలు నడుస్తుంటే చూడడమే వేరు.

వీపున బుట్టలతో రెండాకులు, ఒక మొగ్గ కోసే స్త్రీల కోసం వెదకకండి. ఇక్కడ ఎక్కువగా కత్తెరలతోనూ, ఇద్దరు చెరో వైపు పట్టుకుని నడిచే యంత్రంతోనూ కోస్తారు. ఒకప్పుడు ఈ పని తమిళ కుటుంబాలది. ఇప్పుడు బంగ్లాదేశ్, నేపాల్, ఇండోనేసియాల నుండి వచ్చినవారు ఎక్కువ. మన తెలుగువారు పనికి వచ్చింది ఈ తోటలకన్నా కింది పెరాక్ రాష్ట్రపు మైదానాల్లోని రబ్బరు, కొబ్బరి ఎస్టేట్లకే. బాగాన్ దాతుక్ ప్రాంతంలో ఆ కుటుంబాల వారసులు నేటికీ ఉన్నారు, మలేసియా తెలుగు సంఘం 1955 నుండి నడుస్తోంది.

కర్మాగారంలో వాడ్చడం, నలపడం, పులియబెట్టడం, ఎండబెట్టడం, జల్లెడ పట్టడం అనే వరుసలో పని సాగుతుంది. పులియబెట్టడం అన్నది పేరుకే, పెరుగు తోడుకోవడం లాంటిది కాదు. నలిగిన ఆకు రసానికి గాలి తగిలి రంగు మారుతుంది, కోసిన వంకాయ ముక్క నల్లబడినట్లే. ఆ గదిలో వచ్చే వాసన పచ్చి గడ్డికీ ఆపిల్ తొక్కకీ మధ్యస్థంగా ఉంటుంది. అది సరిగ్గా ఎప్పుడు ఆపాలన్నదే టీ రుచిని నిర్ణయించే మెలకువ. సుమారు ఐదు కిలోల పచ్చి ఆకు ఒక కిలో టీ పొడి అవుతుంది.

తోట అంచున లోయ మీదికి చొచ్చుకు వచ్చిన టీ హాలులో కూర్చుని తాగేటప్పుడు, ఆకు రకం టీని పాలు లేకుండానే ఒకసారి తాగి చూడండి. మన ఇరానీ చాయ్ అలవాటుతో పాలలో మరిగించాలని చూస్తే నిరాశే మిగులుతుంది. ఊళ్ళోని కొట్లలో పాలు, చక్కెర రెండూ లేకుండా కావాలంటే “తే ఓ కోసోంగ్” అనాలి. ఊరికే “తే” అంటే డబ్బా పాలు దట్టంగా పోసి తెస్తారు. శాకాహారులకు తానా రాటా ప్రధాన వీధిలో తమిళుల భోజనశాలలు ఉన్నాయి. అరిటాకు మీద అన్నం, సాంబారు దొరుకుతాయి.

తిరుగు బస్సు టికెట్టును ముందు రోజే కొని పెట్టుకోండి. ఆదివారం అయితే మధ్యాహ్నం రెండు గంటలలోపు బస్సుకు కొనండి, ఎందుకంటే ఆ తరువాత కొండ దిగే కార్ల వరుసలో రింగ్‌లెట్ చేరడానికే గంటకు పైగా పట్టవచ్చు. కౌలాలంపూర్‌లో రాత్రి విమానం ఉన్నవారు ఆ రోజు ఈ కొండల మీద ఉండనే కూడదు.