బిల్డులు కంటైనర్లలోకి మార్చే ముందు జాగ్రత్తలు

మాదాపూర్ టీంలో జెంకిన్స్ ఏజెంట్లను (కోడ్ బిల్డులు నడిపే మెషీన్లను) డాకర్‌కి, అంటే ప్రోగ్రాములను కంటైనర్లలో విడివిడిగా నడిపే టూల్‌కి మారుస్తున్నవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• డాకర్ సాకెట్‌ని (డాకర్‌కి ఆదేశాలిచ్చే దారిని) కంటైనర్‌లోకి మౌంట్ చేయకండి. అది అందితే ఏ బిల్డ్ స్క్రిప్టైనా హోస్టు (కంటైనర్ నడిచే అసలు మెషీన్) మీద రూట్ అధికారంతో, అంటే పూర్తి అడ్మిన్ హక్కులతో ఏదైనా చేయగలదు. ఇంటి తాళాలగుత్తి దారిన పోయేవాడి చేతిలో పెట్టినట్టే. ఇమేజ్ (కంటైనర్‌కి మూలమైన ప్యాకేజీ) తయారుచేయాలంటే బిల్డా (Buildah) అనే టూల్‌ని రూట్‌లెస్‌గా, అంటే రూట్ అధికారం లేకుండా వాడండి. కంటైనర్‌కి హోస్టు మీద దాదాపు పూర్తి హక్కులిచ్చే ప్రివిలేజ్డ్ మోడ్ కూడా వద్దే వద్దు.

• ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ ట్యాగ్ కాదు, డైజెస్ట్ (సరిగ్గా ఆ ఇమేజ్‌నే సూచించే హ్యాష్) రాయండి.

• పాస్‌వర్డులు డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ ఎలా తయారుచేయాలో రాసే ఫైల్‌లో) పెట్టొద్దు. ఇమేజ్ చేతికందిన ఎవరైనా డాకర్ హిస్టరీ కమాండ్ కొడితే కనిపిస్తాయి.

• 2020 నవంబరు నుంచి డాకర్ హబ్‌లో (ఇమేజ్‌లు దొరికే సైట్‌లో) లాగిన్ లేని పుల్స్‌కి, అంటే డౌన్‌లోడ్లకి ఐపీని బట్టి పరిమితి ఉంది. ఆఫీసంతా ఒకే ఐపీతో బయటికెళ్తే పొద్దున్నే అందరి బిల్డులూ ఆగిపోవచ్చు. లాగిన్ పెట్టండి, సొంత మిర్రర్ (ఇమేజ్‌ల కాపీలు ఉంచే సర్వర్) ఉంటే ఇంకా మంచిది.

• పాత ఇమేజ్‌లు డిస్క్ నింపేస్తాయి, వాడని ఇమేజ్‌లను తీసేసే ప్రూన్ కమాండ్‌ని రాత్రిపూట షెడ్యూల్ చేయండి.