భక్తుడైన రాజు దుర్మార్గుడయ్యే నాటకం: ఎలా రాయాలి, ఎలా ఆడించాలి?

శివరాత్రి జాగారానికి ఊళ్లో వేసే నాటకానికి గంటంబావు చాలు. ఆ గంటంబావులో ఒక రాజు శివుడి ముందు సాగిలపడాలి, కొడుకును పోగొట్టుకోవాలి, ఆఖరికి ఊరి గొంతు నొక్కాలి. చాలా నాటకాల్లో ఈ మూడూ జరుగుతాయి గాని ఒకదానికొకటి అతకవు. మొదటి రంగంలో దండం పెట్టినవాడు ఒకడు, చివరి రంగంలో మీసం మెలేసేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒక్కడే అనిపించాలంటే, భక్తితో ఊరికి ఏది ఇచ్చాడో దాన్నే రాజు వెనక్కి గుంజుకోవాలి. రాయడం మొదలుపెట్టేముందే ఆ వస్తువు ఏదో తేల్చుకోండి.

రాజు ఎవరు?

కాకతీయ చక్రవర్తుల పేర్లు పెట్టకండి. 1262లో రుద్రమదేవి గద్దెనెక్కడం, 1323లో ప్రతాపరుద్రుడు ఢిల్లీ సైన్యానికి చిక్కడం వరంగల్‌లో బడిపిల్లలకూ తెలుసు. లేని కొడుకును పుట్టించి చంపితే ముందు వరుసలోనే ఎవరో ఒకరు లేచి అడుగుతారు. పేరు లేని సామంతుడైతే ఈ తంటా ఉండదు. ఆ రోజుల్లో సామంతులు, సేనానులు గుడి కట్టించి చెరువు తవ్వించేవాళ్లు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి రేచర్ల రుద్రుడు కట్టించిందే, దాని దగ్గరే చెరువు ఉంది. మన రాజు కూడా ఆ రెండూ చేసినవాడే. నాటకాన్ని మాత్రం గుడి మీద కాదు, చెరువు మీద నడపండి. గుడి తలుపు మూస్తే బాధ భక్తులకే. తూము మూస్తే ఆయకట్టంతా ఎండుతుంది.

మొక్కు ముందు, చావు తర్వాత

దుఃఖం ఒక్కటే మనిషిని దుర్మార్గుణ్ని చేయదు. కొడుకు పోయినవాళ్లు ఊరూరా ఉన్నారు, వాళ్లెవరూ తూములు మూయలేదు. మన రాజు తేడా ఏమిటంటే, అతని భక్తిలో లెక్క ఉంది. తను ఇన్ని చేశాడు గనక శివుడు ఇంత చేయాలి అనుకుంటాడు. ఆ లెక్క ప్రేక్షకుడికి మొదటి రంగంలోనే కనబడాలి, తప్పుగా మాత్రం అనిపించకూడదు. అందుకు మన దగ్గర మొక్కును మించిన దారి లేదు. వేములవాడ రాజన్నకు కోడెను మొక్కుకున్నవాళ్లు దాన్ని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. రాజు కూడా కొడుకు జ్వరం తగ్గాలని కోడెను మొక్కుతాడు.

చావు జ్వరంతోనే రావాలి. శత్రువు చంపితే అది పగ కథ. వైద్యుడి తప్పయితే కోపం వైద్యుడి మీదికి పోతుంది. నింద వేయడానికి శివుడు తప్ప ఎవరూ మిగలకూడదు. పూజారిని దొంగను చేయడం కూడా ఇలాగే దెబ్బతీస్తుంది, అప్పుడు రాజు కోపం సబబే అయిపోతుంది. పూజారి మంచివాడై ఉండాలి, జవాబు మాత్రం అతని దగ్గర ఉండకూడదు. కొడుక్కి పదహారేళ్లు దాటాలి. పసిపిల్లలకు కర్మకాండ పూర్తిగా చేయరు, ముసలివాళ్లు చటుక్కున పట్టుకుంటారు.

ఓదార్పు మాట తిరిగి రావాలి

ఈ మెలకువ భాగవతంలోనే ఉంది. దాన్ని తెనిగించిన పోతన మన బమ్మెరవాడే. వరాహమూర్తి హిరణ్యాక్షుణ్ని చంపాక హిరణ్యకశిపుడు తల్లి దితిని ఎంతో వేదాంతంగా ఓదారుస్తాడు, సుయజ్ఞుడనే రాజు కథ కూడా చెబుతాడు. ఆ జ్ఞానం చెప్పిన నోటితోనే హరి మీద పగ పెంచుకుంటాడు.

దీన్ని ఇలా వాడుకోండి. మొదటి రంగంలో బిడ్డను పోగొట్టుకున్న ఒక ఆడమనిషి రాజు కాళ్ల మీద పడుతుంది. రాజు అంటాడు: "ఇచ్చినవాడు శివుడు, తీసుకున్నవాడు శివుడు. మనం నడుమ కావలివాళ్లం." కొడుకు పోయిన మూడో రోజు ఆమే వచ్చి, మనసారా, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అంటుంది: "ఇచ్చినోడు శివుడు, తీసుకున్నోడు శివుడు దొరా. మనం నడుమ కావలోళ్లమని మీరే చెప్తిరి గదా." ఆమె వేషం వేసే మనిషికి గట్టిగా చెప్పండి: గొంతులో ఏమాత్రం వెటకారం వినిపించినా రంగం పాడైపోతుంది.

పిట్టకు పెట్టుడు: నాటకం మలుపు తిరిగేది ఇక్కడే

చనిపోయిన మూడో రోజు పోయినవాళ్ల పేరు మీద పిట్టకు, అంటే కాకికి, అన్నం పెడతారు. అది వచ్చి ముడితే పోయినవాళ్ల మనసు తీరినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. మోదుగాకు విస్తరిలో అన్నం, కొడుకు ఇష్టపడ్డ కూర పెడతారు. అందరూ పది అడుగులు వెనక్కి జరిగి పైకి చూస్తారు. మద్దెల, హార్మోనియం అన్నీ ఆపేయాలి. నలభై సెకన్లు ఏ చప్పుడూ ఉండకూడదు. జనం కూడా తలెత్తి చూస్తారు. నిమిషం దాటితే మాత్రం వెనక కుర్రాళ్లు ఈలలు మొదలుపెడతారు, అందుకే ప్రాంప్టర్ మనసులో నలభై లెక్కపెట్టాలి. పిట్ట రాదు. చుట్టాలు ఒక్కొక్కరూ "నీ కోరిక మేం తీరుస్తం, వచ్చి ముట్టు" అని మాట ఇస్తారు. అయినా రాదు. అందరూ రాజు వైపు తిరుగుతారు. రాజు ఒక్క మాట కూడా అనడు. వెళ్లి కూర్చొని, భోజనం ముగిసినట్టు, విస్తరిని మడుస్తాడు.

ఇక్కడ పెద్ద పద్యం పెట్టాలని ప్రతి రచయితకూ అనిపిస్తుంది. పెట్టకండి. దేవుణ్ని తిట్టడం మనకు కొత్త కాదు. గోలకొండ చెరసాలలో రామదాసు రాముణ్ని నిలదీశాడు, ఆ తిట్టులో నమ్మకమే ఉంది. మన రాజు తిట్టడు, మాట్లాడటమే మానేస్తాడు. ఈ రంగం తర్వాత అతని నోట శివుడి పేరు ఒక్కసారీ రాకూడదు. రాతప్రతిలో ఎర్ర సిరాతో వెతికి కొట్టేయండి. "శివ శివా" అనే ఊతపదం అలవాటుగా ఎక్కడో జారుతుంది.

భాష కూడా మారాలి. భక్తుడిగా గ్రాంథికం, పద్యం. కొడుకు మంచం పక్కన మాత్రం మన మాట: "లే బిడ్డా, గింత గంజి తాగు." తూము మూసేటప్పుడు మళ్లీ గ్రాంథికమే, పద్యం మాత్రం ఉండదు.

మూడు మెట్లు

ముందు తన ఇంట్లో దీపం ఆపుతాడు, అది అతని సొంత విషయం. తర్వాత జాతర ఆపిస్తాడు, ఊరు గొణుగుతుంది. ఆ పైన తూము. ఒక్కో మెట్టుకూ అతని దగ్గర కారణం ఉండాలి. మూడోదానికి కారణం: "నా బిడ్డ గొంతు తడవలేదు. ఏ పొలం గొంతు ఎందుకు తడవవలె?" ఎదురు నిలబడేవాడు సేనాపతి కాదు, నీరటి. తూము తెరిచి మూసేది అతనే, ఎండిన మడి ముందు చూసేదీ అతనే.

నిడివి సుమారుగా ఇలా పంచుకోండి: భక్తి పదిహేను నిమిషాలు, జ్వరం, మొక్కు కలిపి పన్నెండు, చావు నుంచి పిట్ట దాకా పద్దెనిమిది, మూడు మెట్లకు ఇరవై, ముగింపుకు పది. భక్తి భాగం అరగంటకు సాగితే నాటకం మధ్యలోనే సగం మంది చాయ్‌కి పోతారు.

రంగస్థలం మీద

పలుపు: పన్నెండు అడుగుల నూలుతాడు. నైలాన్ తాడు లైట్ల కింద మెరుస్తుంది, ముడి కూడా జారుతుంది. స్టేజీ మీదికి నిజం కోడెను తేకండి, మైకు చప్పుడుకు బెదురుతుంది. రాజు పలుపు ఒక కొస పట్టుకుంటాడు, రెండో కొసను తెర చాటున ఒక మనిషి బిగబట్టి అప్పుడప్పుడు గుంజుతూ మువ్వలు ఆడిస్తాడు. కోడె అక్కడున్నట్టే ఉంటుంది. చివర్లో ఈ పలుపుతోనే రాజు తూము కర్రను బిగించి కట్టేస్తాడు, కాబట్టి రెండు చోట్లా ఒకే తాడు వాడాలి.

తూము: ఆరడుగుల రెండు కంబాలు, నడుమ నిలువు కర్ర. థర్మకోల్‌తో కడితే పలుపు బిగించినప్పుడు విరుగుతుంది, కర్రతోనే చేయించండి.

విభూతి: రాజు దాన్ని ఒక్క తుడుపుతో తీసేయాలి. మొహమంతా మేకప్ వేశాక దాని మీద విభూతి పెడితే, తుడిచినప్పుడు కింది మేకప్ కూడా లేచి నుదుట తెల్లమచ్చ పడుతుంది. మూడు రేఖల మేర నుదురు ఖాళీగా వదిలి, విభూతిని నీళ్లతో కలిపి నేరుగా చర్మం మీద పెట్టండి. జిగురు కలపొద్దు. పాతకాలపు అర్దళం జోలికి అసలే పోవద్దు, అందులో ఆర్సెనిక్ ఉంటుంది. కిరీటం పొణికి లాంటి తేలిక చెక్కదైతే రాజు వంగినా జారదు.

రాగాల సంగతి హార్మోనియం మనిషికి వదిలేయొచ్చు. భక్తికి మోహన, ఏడుపుకు ముఖారి అతనే ఎత్తుకుంటాడు. మూడో మెట్టులో మాత్రం అఠాణా అందుకోబోతే ఆపండి, అక్కడ ఒక్క డోలు చాలు.

ముగింపు

శివుణ్ని ప్రత్యక్షం చేయించకండి. దేవుడు వచ్చి "పరీక్షించితిని" అంటే అంతదాకా పడిన శ్రమంతా బూడిదలో పోసినట్టే. నీరటి పలుపు కోసి తూము ఎత్తుతాడు. తెర చాటున రేకు తొట్టిలో రెండు బిందెల నీళ్లు సన్నధారగా పోయండి, తొట్టి దగ్గర ఒక మైకు పెట్టండి. రాజు ఆ చప్పుడు వింటాడు. కుడిచేయి అలవాటుగా నుదుటి వైపు లేస్తుంది. తెర లాగేవాడితో ఈ ఒక్కటి నాలుగుసార్లు రిహార్సల్ చేయించాలి: చెయ్యి నుదుటికి జానెడు దూరంలో ఉండగానే తెర పడాలి, తాకిందాకా ఆగొద్దు.