బాల్ పైథాన్ ఫ్రోజెన్ ఎలుక తినకపోయినా, తిని కక్కేసినా ముందు చూడాల్సినవి

"బతికున్న ఎలుకను వేస్తే టక్కున పడుతుంది. ఫ్రోజెన్ (చంపి గడ్డకట్టించిన ఎలుక) వేస్తే ముట్టదు, ముట్టినా కక్కేస్తుంది. మా పాముకు ఫ్రోజెన్ పడదు." అనంతపురంలో బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచుకునే ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) పెంచేవాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫిర్యాదు ఇది. పడకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ పాములో ఉండదు, మనం ఎలుకను ఉంచిన తీరులో ఉంటుంది.

ఇదంతా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించిన బాల్ పైథాన్ల గురించే. పొలంలో దొరికిన కొండచిలువనో జెర్రిపోతునో ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

సమస్య: దగ్గరికి వచ్చి, నాలుక ఆడించి, పక్కకు తిరిగిపోతుంది

థర్మామీటర్ పెట్టి చూశారా? పదిమందిని అడిగితే తొమ్మిదిమంది చూసి ఉండరు. ఎలుక మెత్తబడింది కదా అని వేసేస్తారు. మెత్తబడటం వేరు, వేడెక్కడం వేరు. బాల్ పైథాన్ పెదాల మీది గుంటలు వేడిని పసిగడతాయి. ఎలుక తల 38 నుంచి 40 డిగ్రీలు ఉంటేనే అది దానికి తిండిలా కనిపిస్తుంది. మన మే నెల మధ్యాహ్నాల్లో గదే 40 దగ్గర ఉంటుంది కాబట్టి ఎంత వేడి చేసినా ఎలుక విడిగా తెలియదు. కూలర్ వేసి, రాత్రి పొద్దుపోయాక పెట్టండి.

అలాగే పాము ఉండే ట్యాంకు చల్లని వైపు 25-27, వెచ్చని వైపు 31-33 ఉండాలి. ఎండాకాలంలో కూడా హీట్ ప్యాడ్ అలాగే వదిలేస్తే పాముకు తిండి మీద ధ్యాసే ఉండదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ముట్టకపోతే పొడవాటి పట్టకారుతో ఎలుకను కాస్త కదిలించండి. అప్పటికీ పట్టకపోతే దాక్కునే చోటి ముందు పెట్టి, లైటు ఆపేసి వెళ్లిపోండి. తెల్లారేసరికి తినకపోతే పారేయండి. మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి.

సమస్య: బాగానే మింగింది, రెండు మూడు రోజులకు కక్కేసింది

మింగాక చేత్తో పట్టుకున్నారా, ఎలుక పాము నడుము లావు కంటే పెద్దదా, వెచ్చని వైపు చల్లబడిందా, ముందు ఇవి చూసుకోండి. ఇవేవీ కాకపోతే నేను నేరుగా ఫ్రీజర్ దగ్గరికి వెళ్తాను.

మన దగ్గర చాలామంది ఎలుకలను బెంగళూరు నుంచి థర్మోకోల్ పెట్టెలో తెప్పించుకుంటారు. 200 కిలోమీటర్ల పైచిలుకు దారి, ఎండలో బస్సు. పెట్టె దిగేసరికి పైవరస ఎలుకలు సగం కరిగి ఉంటాయి. అవే ఫ్రీజర్‌లోకి వెళ్లి మళ్లీ గట్టిపడతాయి. తర్వాత వేసవిలో గంటల తరబడి కరెంటు పోతుంది, మనం ఆఫీసులో ఉంటాం. ఇంటికొచ్చేసరికి అంతా మళ్లీ గడ్డకట్టి, ఏమీ జరగనట్టే ఉంటుంది.

కానీ చచ్చిన ఎలుక కుళ్లడం పొట్టలోనే మొదలవుతుంది. కరిగిన ప్రతిసారీ పేగుల్లోని బ్యాక్టీరియా పెరుగుతుంది, గడ్డకట్టినా అది చావదు. పాము నెమ్మదిగా అరిగించుకునేలోపే ఎలుక లోపల కుళ్లి ఉబ్బుతుంది. ఇక కక్కేయడం తప్ప పాముకు దారి లేదు. అప్పుడే చంపిన ఎలుక వేస్తే ఈ గొడవ రాదు కాబట్టి, తప్పంతా ఫ్రోజెన్‌దే అనుకుంటారు.

కనిపెట్టడం తేలిక. స్టీలు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. బిళ్ల ఐసులోకి దిగిపోయిందంటే మీరు లేనప్పుడు కరిగిందన్నమాట. ఎలుకల కవరు అడుగున ఎర్రటి ఐసు కట్టి ఉండటం, ఎలుకలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటం కూడా అదే చెబుతాయి. కరిగించాక పొట్ట పచ్చగా ఉబ్బినా, వేలితో లాగితే వెంట్రుకలు ఊడొచ్చినా వేయకండి. డబ్బు పోయిందని బాధపడకుండా ఆ స్టాకంతా పారేయండి.

ఇకపై నెలకు సరిపడా మాత్రమే తెప్పించుకోండి. పెట్టె రాగానే విప్పి, మెత్తబడినవి పక్కకు తీసేయండి. ఒక్కోదాన్నీ విడి జిప్ కవర్లో పెట్టండి. ఫ్రీజర్‌లో ఖాళీ ఉంటే నీళ్ల సీసాలతో నింపండి, కరెంటు పోయినా చల్లదనం నిలుస్తుంది. వాడేముందు రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి, తర్వాత కవరుతోనే వేడినీళ్లలో పెట్టండి. పొట్ట నొక్కితే లోపల గట్టిగా తగలకూడదు. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు, పగిలిపోతుంది.

కక్కిన పాముకు రెండు వారాలు తిండి పెట్టకండి, నీళ్లు మాత్రం ఉండాలి. ఆ తర్వాత మామూలుగా వేసే దాంట్లో సగం సైజు ఎలుకతో మొదలుపెట్టండి.

అంత కష్టం ఎందుకు, బతికున్నదే వేస్తే?

ఆకలి లేని పాము ముందు వదిలిన ఎలుక పాము వీపును ఎముక తేలేదాకా కొరుకుతుంది. కళ్లు పోయిన పాములూ ఉన్నాయి. వేరుశనగ గోదాముల్లో పట్టిన ఎలుకలైతే అసలే వద్దు. అవి జింక్ ఫాస్ఫైడ్‌ లాంటి ఎలుకల మందు తిని ఉండొచ్చు, పురుగులు కూడా ఉంటాయి.

నోటి పుండ్లు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్, కడుపులో పురుగులు కూడా కారణం కావచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, రెండోసారి కక్కినా ఇంట్లో ప్రయోగాలు ఆపి, పాములు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కక్కిన ఎలుకను కవర్లో కట్టి వెంట తీసుకెళ్తే పరీక్షకు పనికొస్తుంది.