డేవిస్-బేకన్ పాఠాలు – 3వ భాగం: సర్టిఫైడ్ పేరోల్‌ను ఎలా చదవాలి

మొదటి రెండు భాగాలు చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళను నడిపే స్థానిక సంస్థ) ఫెడరల్ డబ్బుతో కట్టించే పనికి, మార్పులకు, రిపేర్లకు, ఆఖరికి రంగులు వేయించడానికి కూడా, కాంట్రాక్టు 2,000 డాలర్లు దాటితే 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం వర్తిస్తుంది. అంటే అక్కడి కార్మికులకు లేబర్ డిపార్ట్‌మెంట్ ఆ కౌంటీకి ప్రకటించిన వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదు. ఆ రేట్ల పట్టిక పేరు వేజ్ డిటర్మినేషన్, అది సామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, స్కూలు భవనాలకు సాధారణంగా ‘బిల్డింగ్’ రకం పట్టిక చూడాలి. ఆ పట్టికనూ, వేతనాల క్లాజునూ బిడ్ కాగితాల్లోనే పెట్టాలి. ఇదంతా రెండో భాగంలో చెప్పుకున్నాం.

ఈసారి అసలు పని. కోవిడ్ సమయంలో స్కూళ్ళకు ఈసర్ అనే ఫెడరల్ సహాయ నిధులు వచ్చాయి కదా, ఒక్క 2021 చట్టం కిందే సుమారు 122 బిలియన్ డాలర్లు. చాలా డిస్ట్రిక్ట్‌లు ఆ డబ్బుతో పాత ఏసీలు, గాలి వచ్చిపోయే వ్యవస్థలు మార్పించుకున్నాయి. కంప్యూటర్లూ పుస్తకాలూ కొనడానికి ఫెడరల్ డబ్బు వాడటం అలవాటైన బిజినెస్ ఆఫీసులకు కట్టడం పని నిబంధనలు కొత్త, అందుకే సింగిల్ ఆడిట్‌లో (ఫెడరల్ నిధులు వాడిన సంస్థలకు జరిగే ఆడిట్) దొరికిపోయిన డిస్ట్రిక్ట్‌లు తక్కువేమీ కాదు. మీరు ఏదైనా డిస్ట్రిక్ట్ బిజినెస్ ఆఫీసులో ఉన్నా, హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆడిట్ ఫైళ్ళు చూస్తున్నా, చేతికి వచ్చే కాగితం ఒకటే: సర్టిఫైడ్ పేరోల్.

ఉపాధి హామీ మస్టర్ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఎవరు వచ్చారు, ఏ రోజు ఎన్ని గంటలు చేశారు, ఏ పని, ఏ రేటు, మొత్తం ఎంత, కోతలు ఎంత, చేతికి ఎంత. ప్రతి వారానికి ఒకటి. దానికి జతగా సంతకం చేసిన ప్రకటన: ఇందులో ఉన్నవి నిజం, పూర్తి వేతనం ఇచ్చాం, కాజేసిందేమీ లేదు అని. 1934 నాటి కోప్‌లాండ్ చట్టం పుణ్యమా అని వచ్చిన ఏర్పాటు ఇది. ప్రధాన కాంట్రాక్టర్ తనవే కాదు, సబ్‌కాంట్రాక్టర్లవీ, వాళ్ళ కింద ఉన్న సబ్‌కాంట్రాక్టర్లవీ అన్నీ ఇవ్వాలి, వాళ్ళు తక్కువ ఇస్తే బాధ్యత కూడా ఈయనదే. డబ్ల్యూహెచ్-347 అనే ఫారం ఉంది, అదే వాడాలని లేదు, అందులో ఉన్న వివరాలన్నీ ఉంటే చాలు. సోషల్ సెక్యూరిటీ నంబరు మొత్తం రాయకూడదు, చివరి నాలుగు అంకెలు సరిపోతాయి. మొత్తం నంబరూ ఇంటి అడ్రసూ ఉన్న పేరోల్ వస్తే వెనక్కి పంపండి, మీ ఫైల్లో అది ఉండటమే తలనొప్పి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. పేరోల్ ‘వచ్చింది’ అని టిక్ పెట్టడం వేరు, చదవడం వేరు. సంతకం ఉంది, ఫోల్డర్‌లో పెట్టాం, అయిపోయింది అనుకునే ఆఫీసులే ఎక్కువ. పేరోల్‌ను పక్కన మూడు కాగితాలు పెట్టుకుని చదవాలి: వేజ్ డిటర్మినేషన్, సైట్‌లో రోజువారీ రిపోర్టు, కాంట్రాక్టర్ ఆ నెల పంపిన బిల్లు. ఇవి లేకుండా చూస్తే ఏ పేరోలూ తప్పుగా కనిపించదు, అంకెలన్నీ ముచ్చటగా కూడి ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం, అంకెలు నేను ఊహించినవి. పట్టికలో ఎలక్ట్రీషియన్‌కు గంటకు మూల వేతనం 32.00, ఫ్రింజ్ (ఇన్సూరెన్స్, రిటైర్మెంట్ లాంటి అదనపు ప్రయోజనాలు, లేదా వాటికి బదులు నగదు) 10.50, మొత్తం 42.50 డాలర్లు. లేబరర్‌కు 18.00, 4.00, మొత్తం 22.00. మిడిల్ స్కూల్లో ఏసీలు మార్చే పని, కాంట్రాక్టు లక్ష డాలర్లు దాటింది. ఒక వారం పేరోల్‌లో ఐదు వరుసలు ఉన్నాయి.

మొదటి వరుస: లేబరర్, 40 గంటలు, 22.00. రేటు పట్టికతో సరిపోయింది. ఇక్కడే ఆగిపోతే పప్పులో కాలేసినట్టే. రోజువారీ రిపోర్టు తీయండి. అదే మనిషి ఐదు రోజులూ సీలింగ్ పైన వైర్లు లాగుతున్నాడని ఉంది. పేరు ఏం పెట్టారన్నది కాదు, చేతులతో ఏ పని చేశాడన్నదే లెక్క. ఆ ప్రాంతంలో వైర్లు లాగడం ఎలక్ట్రీషియన్ పని అయితే అతనికి 42.50 రావాలి. గంటకు 20.50 తక్కువ, వారానికి 820 డాలర్లు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద మోసం జరిగేది ఇక్కడే, ఎందుకంటే కాగితం మీద ఏ అంకే తప్పు కాదు. సగం రోజు సామాన్లు మోసి సగం రోజు వైర్లు లాగితే రెండు రేట్లూ వేయొచ్చు, కానీ ఏ పని ఎన్ని గంటలు చేశాడో సరిగ్గా రాసి పెట్టాలి. రాయకపోతే మొత్తం గంటలకూ పెద్ద రేటే. చేస్తున్న పనికి పట్టికలో పేరే లేకపోతే కాంట్రాక్టర్ తనకు తోచిన రేటు వేయకూడదు, ఎస్ఎఫ్-1444 ఫారంతో అడిగి లేబర్ డిపార్ట్‌మెంట్ ఆమోదం తెచ్చుకోవాలి.

రెండో వరుస: ఎలక్ట్రీషియన్, 44 గంటలు, మొత్తం 1,870. అంటే 44ను 42.50తో గుణించారు. ఓవర్‌టైమ్ ఏదీ? 40 గంటలు దాటిన ప్రతి గంటకూ మూల వేతనం ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి, ఫ్రింజ్ మాత్రం మామూలుగానే. నాలుగు గంటలకు 48.00, 10.50 కలిపి 58.50 చొప్పున 234. మొదటి 40 గంటలకు 1,700. రావాల్సింది 1,934, తక్కువైంది 64. చిన్న మొత్తమే కదా అనుకోకండి, కాంట్రాక్టు లక్ష డాలర్లు దాటితే ఇలాంటి ఓవర్‌టైమ్ తప్పుకు ఒక్కో మనిషికి ఒక్కో రోజు చొప్పున విడిగా జరిమానా పడుతుంది.

మూడో వరుస కాస్త నిదానంగా చూద్దాం, ఇది చాలామందికి తెలియదు. ఎలక్ట్రీషియన్, 40 గంటలు, నగదుగా గంటకు 34.50, మిగతా 8.00 హెల్త్ ఇన్సూరెన్స్ రూపంలో ఇస్తున్నామని రాశారు. కూడితే 42.50. నగదు, నిజమైన ఫ్రింజ్ ఎలా కలిపి ఇచ్చినా మొత్తం సరిపోతే చాలు కాబట్టి పద్ధతి తప్పు కాదు. ఆ 8.00 ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. కాంట్రాక్టర్ నెలకు ప్రీమియం 600 డాలర్లు కడుతున్నాడు, ఆ నెలలో ఈ ఎలక్ట్రీషియన్ స్కూలు పనిలో 75 గంటలు చేశాడు, కాంట్రాక్టర్ 600ను 75తో భాగించాడు. మిగతా గంటలు అదే మనిషి ఎవరిదో ప్రైవేటు ఆఫీసు కడుతూ గడిపాడు. ఇన్సూరెన్స్ అతన్ని ఏడాదంతా కాపాడుతుంది, కేవలం స్కూలు గంటల్లో కాదు కదా. అందుకే ఏడాది ఖర్చును ఏడాదిలో చేసిన అన్ని గంటలతో భాగించాలి: 7,200ను 2,080తో భాగిస్తే 3.46. ఇప్పుడు మొత్తం 37.96 మాత్రమే, గంటకు 4.54 తక్కువ, వారానికి 181.60. ఇన్సూరెన్స్ బిల్లు, గంటల లెక్క రెండూ తెప్పించుకోకుండా ఫ్రింజ్ గడిని ఒప్పుకోవద్దు. సోషల్ సెక్యూరిటీ, వర్కర్స్ కాంపెన్సేషన్ లాంటివి చట్టప్రకారం ఎలాగూ కట్టాల్సినవే కాబట్టి అవి ఫ్రింజ్ కిందకు రావు. వాటినీ కలిపి చూపించేవాళ్ళు ఉంటారు.

నాలుగో వరుస: అప్రెంటిస్, సగం రేటు. గుర్తింపు ఉన్న కార్యక్రమంలో అతను నమోదయ్యాడని రుజువు అడగండి. ఉంటే ఆ కార్యక్రమం చెప్పిన శాతం, సీనియర్లకూ అప్రెంటిస్‌లకూ మధ్య నిష్పత్తి చూడండి. రుజువు లేకపోతే పూర్తి రేటు. ‘మా బావమరిది కొడుకు, పని నేర్చుకుంటున్నాడు’ అంటే కుదరదు.

ఐదో వరుసలో అన్నీ బాగున్నాయి, కోతల్లో మాత్రం ‘టూల్స్ – 60’ అని ఉంది. పన్నులు, కోర్టు ఉత్తర్వులు లాంటివి కాకుండా ఇలాంటి కోత ఏది కనిపించినా కాగితం అడగాలి. కోప్‌లాండ్ చట్టం పుట్టిందే అందుకు, ఒక చేత్తో పూర్తి కూలీ ఇచ్చి ఇంకో చేత్తో వెనక్కి లాక్కోవడాన్ని ఆపడానికి.

వరుసలు అయ్యాక వారాల లెక్క చూడండి. పేరోల్ 1, 2, 3, 5 ఉన్నాయి, 4 ఏమైంది? పని జరగని వారమైతే అలా అని ఒక్క ముక్క రాయించుకోండి. బిల్లులో డక్ట్ (గాలి గొట్టాల) పని కింద డబ్బు అడిగారు, కానీ ఆ పని చేసే షీట్‌మెటల్ పనివాళ్ళ పేరోల్ ఒక్కటీ లేదు, అంటే ఎవరో సబ్‌కాంట్రాక్టర్ కాగితాలు మీదాకా రాలేదన్నమాట. పేరోళ్ళు విడివిడిగా ఎంత చూసినా ఇది దొరకదు, బిల్లు పక్కన పెడితేనే దొరుకుతుంది. డిస్ట్రిక్ట్ సొంత మెయింటెనెన్స్ ఉద్యోగులు పని చేసి ఉంటే మాత్రం వాళ్ళకు పేరోల్ వెతకక్కర్లేదు, సొంత ఉద్యోగులతో చేయించుకునే పనికి ఈ చట్టం వర్తించదు.

రాష్ట్ర వేతన చట్టం ఉన్నచోట ఇంకో చిక్కు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో కాంట్రాక్టర్లు రాష్ట్ర శాఖకు పేరోళ్ళు పంపుతూనే ఉంటారు, దాంతో ‘అన్నీ ఫైల్ చేశాం కదా’ అంటారు. ఫెడరల్ బాధ్యత వేరు. వారం వారం డిస్ట్రిక్ట్‌కు చేరాలి, సంతకం చేసిన ప్రకటన ఉండాలి, రెండు రేట్లలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి.

తేడా దొరికితే ఏం చేయాలి? బిల్లు డబ్బు చెల్లించకముందే అయితే పని సులువు. కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పండి, తక్కువైనంత మొత్తాన్ని ఆపి ఉంచండి, కార్మికులకు బకాయి చెల్లించినట్టు సవరించిన పేరోల్, చెల్లింపు రుజువు వచ్చాక వదలండి. అందుకే బిల్లు మీద సంతకానికి ముందే పేరోల్ చూసే పద్ధతి పెట్టమంటాను. ఆఖరి బిల్లు కూడా వెళ్ళిపోయాక ఫోన్ చేస్తే ఎత్తే కాంట్రాక్టర్‌ను నేనింతవరకు చూడలేదు. వీలైతే సైట్‌కు వెళ్ళి ఇద్దరు ముగ్గురు కార్మికులను పక్కకు పిలిచి, ఏ పని చేస్తున్నారు, ఎంత వస్తోంది అని అడగండి. ఎస్ఎఫ్-1445 ఫారంలో అడగాల్సిన ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి. మేస్త్రీ పక్కనుండగా అడగొద్దు. వెళ్ళినప్పుడే వేతనాల పట్టిక, డబ్ల్యూహెచ్-1321 పోస్టరు అందరికీ కనిపించేచోట అంటించారో లేదో చూసి ఒక ఫొటో తీసుకోండి. పని అయ్యాక రికార్డులు కనీసం 3 ఏళ్ళు ఉంచాలి.

ఇక అభ్యాసం. పెయింటర్, మూల వేతనం 24.00, ఫ్రింజ్ 6.20. వారంలో 46 గంటలు చేశాడు. కాంట్రాక్టర్ అన్ని గంటలకూ మూల వేతనం కింద 24.00, ఫ్రింజ్‌కు బదులు నగదుగా 3.00, రిటైర్మెంట్ ఖాతాలో 2.00 చొప్పున ఇచ్చాడు. ఎంత తక్కువైంది?

127.20 డాలర్లు వస్తే నాలుగో భాగానికి రండి, అందులో ఆడిటర్ అడిగే ఫైలును ఎలా పేర్చుకోవాలో చూద్దాం. 55.20 వచ్చిందంటే ఓవర్‌టైమ్ మర్చిపోయారు. 145.80 వచ్చిందంటే ఫ్రింజ్‌ను కూడా ఒకటిన్నర రెట్లు చేసేశారు, రెండో వరుస మళ్ళీ చదవండి.