కబడ్డీలో కాలు మడతపడిందా? లాగే ముందు ఇవి చూడండి

సంక్రాంతి పోటీల్లో, ఊరి మట్టి కోర్టుల్లో కబడ్డీ ఇప్పటికీ ఎక్కువగా ఉత్తి కాళ్ళతోనే ఆడతారు. ఎవరైనా కాలు పట్టుకుని కూలబడగానే చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు పాదం పట్టుకుని గట్టిగా లాగేస్తారు. ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుతో అది పక్కకు జరగొచ్చు. కాబట్టి ముందు ఎవరినీ కాలు లాగనివ్వకండి.

సమస్య: చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు

కారణం: కూతకు వెళ్ళినవాడు బోనస్ లైన్ దగ్గర కాలు పెట్టి వెనక్కి తిరిగేలోపు డిఫెండర్ చీలమండ పట్టేస్తాడు. పాదం అక్కడే ఆగిపోతుంది, ఒళ్ళు మాత్రం మిడ్ లైన్ వైపు తిరిగిపోతుంది. పాదం లోపలికి మడతపడి బయటివైపు లిగమెంట్లు (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీలు) సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి.

బెణుకా, విరిగిందా అన్నది వాపు చూసి చెప్పలేం. కెనడా డాక్టర్లు 1992లో ఇచ్చిన ఒట్టావా రూల్స్ ఇందుకు బాగా పనికొస్తాయి. కుంటుతూ అయినా సరే, నాలుగు అడుగులు వేయగలుగుతున్నాడా? చీలమండకు రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచుని, కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల వరకు, వేలితో నొక్కండి. తర్వాత చిటికెన వేలి వైపు పాదం మధ్యలో తగిలే ఎముక బొడిపెని, లోపలివైపు చీలమండకి కాస్త ముందున్న ఎముకని నొక్కి చూడండి. అడుగులు వేయలేకపోయినా, ఈ చోట్లలో ఎక్కడ నొక్కినా నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. "నడుస్తున్నాడుగా, ఏం కాలేదులే" అని వదిలేయకండి, విరిగిన ఎముకతో నడిచేవాళ్ళూ ఉన్నారు.

పరిష్కారం: ఐస్ గుడ్డలో చుట్టి 15-20 నిమిషాలు, మొదటి రెండు రోజులు రెండు మూడు గంటలకోసారి పెట్టండి. క్రేప్ బ్యాండేజ్ కట్టి, పడుకున్నప్పుడు కాలు దిండ్ల మీద ఎత్తుగా ఉంచండి. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా కట్టు వెంటనే వదులు చేయాలి. ఈ రెండు రోజులూ వేడి కాపడం, నూనె మర్దన వద్దు. నొప్పి తగ్గుతుంటే కాలు కదపడం మొదలుపెట్టండి, బొటనవేలితో గాల్లో అ ఆ ఇ ఈలు రాయించండి.

సమస్య: అదే కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతోంది

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. పొద్దున బెణికిన కుర్రాడికి కట్టు బిగించి సాయంత్రం సెమీఫైనల్లో దింపుతారు. వాపు తగ్గినంత మాత్రాన లిగమెంటు మానినట్టు కాదు, పాదం ఎటు వాలుతోందో ఒంటికి తెలిపే గ్రహింపు కూడా దెబ్బతింటుంది. రోజూ ఒంటికాలి మీద నిలబడటం ప్రాక్టీస్ చేయాలి, కుదిరాక కళ్ళు మూసుకుని. ఆ కాలి మీద గెంతినా, వంకర టింకరగా పరిగెత్తినా నొప్పి లేకపోతేనే కోర్టులోకి పంపండి.

సమస్య: వెనక నుంచి ఎవరో తన్నినట్టుంది, తిరిగి చూస్తే ఎవరూ లేరు

మడమ పైన ఉండే అకిలిస్ నరం (డాక్టర్లు టెండన్ అంటారు) తెగి ఉండొచ్చు. బోర్లా పడుకోబెట్టి పిక్కని పిసకండి. మామూలుగా పాదం, మునివేళ్ళ మీద నిలబడినప్పటిలా, చాచుకుంటూ కదలాలి. కదలకపోతే అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఆలస్యం చేసేకొద్దీ చికిత్స కష్టమవుతుంది.

సమస్య: పాదం మధ్యలో వాపు, అరికాలు కమిలింది

పాదం మధ్య కీళ్ళు జరిగి ఉండొచ్చు. మామూలు ఎక్స్‌రేలో ఇది తప్పిపోవచ్చు కాబట్టి నిలబెట్టి తీయమని అడగండి. అప్పటిదాకా ఆ కాలు మీద బరువు వేయొద్దు.

సమస్య: రాయి కోసుకుంది, గోరు లేచింది, అరికాలు బొబ్బలెక్కింది

ధారగా పడే నీళ్ళతో మట్టి పోయేదాకా కడగండి, పసుపో కాఫీ పొడో అద్దకండి. మట్టి గాయమై, చివరి ధనుర్వాతం (టీటీ లేదా టీడీ) ఇంజెక్షన్ వేయించుకుని ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. బొబ్బలు చిదమొద్దు. మధ్యాహ్నం మ్యాచ్ పెట్టేవాళ్ళు ముందు తమ అరచేయి కోర్టు మీద ఆనించి చూడాలి, చేయి ఓర్చుకోలేకపోతే నీళ్ళు చల్లించి, రాళ్ళు ఏరించి, ఎండ తగ్గాకే విజిల్ వేయాలి.