ఎండకు చర్మం కమలకుండా: సన్‌స్క్రీన్ ఏది కొనాలి, ఎంత రాయాలి

మే నెలలో వరంగల్‌లో చాలామంది చేసే లెక్క ఒకటుంది. వేడి మూడింటికి ముదురుతుంది కాబట్టి, పన్నెండులోపు బయటి పనులు చక్కబెట్టుకుంటే చాలని. వడదెబ్బ వరకైతే ఆ లెక్క సరే. చర్మం దగ్గరికొచ్చేసరికి తలకిందులవుతుంది. చర్మాన్ని నల్లబరిచేది, కమిలించేది ప్రధానంగా వేడి కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు. సూర్యుడు నడినెత్తి మీదున్నప్పుడు అవి ఉద్ధృతంగా ఉంటాయి. మన దగ్గర ఎండాకాలం అది మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు కాస్త అటూ ఇటూ. నేలా గాలీ వేడెక్కడానికి ఆ తర్వాత ఇంకో రెండు మూడు గంటలు పడుతుంది. అంటే ‘ఇంకా ఎండ ముదరలేదు’ అనుకుని పదకొండున్నరకు బండి తీసినవాళ్లు చర్మానికి అన్నిటికన్నా చెడ్డ సమయంలో బయలుదేరినట్టు.

వాతావరణ యాప్ అక్కర్లేకుండా దీన్ని కొలిచే సాధనం మీ నీడ. నీడ మీకంటే పొట్టిగా ఉంటే కిరణాలు గట్టిగా పడుతున్నట్టు, పొడుగ్గా ఉంటే నెమ్మదించినట్టు. ఓసారి డిసెంబర్‌లో మధ్యాహ్నం నిలబడి చూడండి. చలికాలంలో కూడా ఆ వేళకు నీడ మనకంటే కొంచెం పొట్టిగానే ఉంటుంది. ఇక వరంగల్‌లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు: మే రెండో వారంలో, మళ్లీ జూలై ఆఖర్లో. ఆ రెండోది ముసురు రోజుల్లో వస్తుంది, చల్లగా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పల్చటి మబ్బు ఈ కిరణాలను పెద్దగా ఆపదు. నాట్ల కాలంలో వంగి పనిచేసేవాళ్ల మెడ వెనకభాగం నల్లబడేది అందుకే.

ముందు బట్ట, తర్వాతే ట్యూబు

సన్‌స్క్రీన్ గురించి చెప్పాల్సింది చాలా ఉంది గానీ, బట్ట కప్పే చోట దాని అవసరమే లేదు. పత్తి ఏరే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుంటారు కదా, చేతులకు అంతకు మించిన రక్షణ ఏ ట్యూబులోనూ రాదు. రెండు గంటలకోసారి మళ్లీ పూసే పని లేదు, చెమటకు కారిపోదు.

బట్టలో చూడాల్సింది నేత. వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. అవతలి వేళ్లు స్పష్టంగా కనిపిస్తే ఎండ కూడా అలాగే దూరుతుంది. నెట్ చున్నీ, పల్చటి తెల్ల వాయిల్ ముఖానికి కట్టుకున్నా కట్టుకోనట్టే. చున్నీ పల్చగా ఉంటే రెండు మడతలు వేయండి. ముదురు రంగు లేత రంగుకన్నా ఎక్కువ ఆపుతుంది, కాకపోతే వేడి పుట్టిస్తుంది. పొలంలో దానికంటే వదులుగా ఉన్న దట్టమైన నేత మేలు. నూలు గుడ్డ చెమటకు తడిసి ఒంటికి అంటుకుంటే దాని రక్షణ తగ్గుతుంది, కాబట్టి మధ్యాహ్నం మార్చుకోవడానికి ఇంకొకటి వెంట ఉంచుకోండి.

టోపీ కొంటే చుట్టూ అంచు ఉన్నది కొనండి. క్రికెట్ క్యాప్ నుదుటికీ ముక్కుకూ నీడ ఇస్తుంది, చెవులను, మెడను వదిలేస్తుంది. తలకు రుమాలు చుట్టేవాళ్లు ఒక కొసను వెనక మెడ మీదికి వదలాలి. ఛత్రి మంచిదే, కానీ సిమెంటు రోడ్డు మీంచి ఎగిసివచ్చే వెలుగును అది ఆపలేదు.

కిటికీ అద్దం సంగతి కూడా తెలుసుకోవాలి. అతినీలలోహిత కిరణాల్లో చర్మాన్ని కమిలించే యూవీబీ రకాన్ని మామూలు అద్దం ఆపుతుంది. మచ్చలు, ముడతలు తెచ్చే యూవీఏ రకాన్ని చాలావరకు లోపలికి వదులుతుంది. ఎండాకాలం హన్మకొండ నుంచి పొద్దున హైదరాబాద్ పోయే బస్సులో ఎండ ఎడమవైపు సీట్ల మీద పడుతుంది. సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ చిత్రంగా ఎడమవైపే. రెండుసార్లూ డ్రైవర్ వైపు కూర్చోండి.

ట్యూబు మీద ఏం చదవాలి

మూడు విషయాలు చూడండి. ఎస్‌పీఎఫ్ అనేది యూవీబీ లెక్క. 30 అంటే ముప్పయ్యో వంతు కిరణాలు లోపలికి పోతాయి, 50 అంటే యాభయ్యో వంతు. శాతాల్లో చూస్తే ఆగేది దాదాపు 97, 98. తేడా ఇంతే అయినా 50 కొనమనడానికి కారణం వేరే ఉంది, కింద చెబుతాం. 100 కోసం ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

రెండోది పీఏ గుర్తు. ఇది యూవీఏ లెక్క, జపాన్ పద్ధతి. పీఏ+++ కనీసం, పీఏ++++ ఉంటే మంచిది. ఎస్‌పీఎఫ్ 50 అని పెద్దక్షరాల్లో వేసి, పీఏ గుర్తు గానీ ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ (రెండు రకాల కిరణాలనూ ఆపుతుందని అర్థం) అన్న మాట గానీ లేని ట్యూబును వదిలేయండి. మన రంగు చర్మానికి కాలిపోవడం కన్నా మచ్చలు పడటమే పెద్ద సమస్య, వాటిలో యూవీఏది పెద్ద చెయ్యి.

మూడోది గడువు తేదీ, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు. ఇవి లేని సరుకు సంతలో సగం ధరకు దొరికినా కొనొద్దు.

లోపలి మందుల విషయానికొస్తే, జింక్ ఆక్సైడ్ ఉన్నవి సున్నిత చర్మానికి, పిల్లలకు, గర్భిణులకు అనువుగా ఉంటాయి. చిక్కల్లా తెల్లగా, చామనచాయ ముఖం మీదైతే బూడిద పూసినట్టు కనిపించడం. అందుకే చాలామంది సరిపడా రాయకుండా ఆపేస్తారు. అలాంటప్పుడు లేత గోధుమరంగు కలిపిన టింటెడ్ రకం తీసుకోండి. ఆ రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా కొంత ఆపుతుంది. మంగు ఉన్నవాళ్లకు ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది, ఎందుకంటే మంగును ముదిరించేవాటిలో కంటికి కనిపించే వెలుతురు కూడా ఒకటి. తెల్లదనం లేని రకాల్లో అవోబెంజోన్ (యూవీఏను ఆపే రసాయనం) ఉంటే, పక్కనే ఆక్టోక్రిలీన్ లాంటి స్థిరపరిచే పదార్థం ఉందో లేదో చూడండి. అది లేకుండా, యూవీబీని ఆపే ఆక్టినాక్సేట్‌తో కలిపి ఉంటే అవోబెంజోన్ ఎండలో త్వరగా విరిగిపోతుంది.

జిడ్డు చర్మానికీ మొటిమలకూ జెల్ రకం, పొడి చర్మానికి క్రీమ్. చెమట పట్టే పనైతే ‘వాటర్ రెసిస్టెంట్’ అని, పక్కన 40 లేదా 80 నిమిషాలని (అంతసేపు తడికి తట్టుకుంటుందని) రాసి ఉన్నది. స్ప్రేలు మన గాలికి సగం ఎటో పోతాయి, ముఖానికి కొట్టుకోవడం అసలే మంచిది కాదు.

ఎంత రాయాలి

అందరూ తప్పేది ఇక్కడే. ఎస్‌పీఎఫ్ పరీక్ష చేసేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. మనం ఇళ్లలో పూసేది అందులో పావు నుంచి సగం. అంత పల్చగా రాస్తే 50 అని రాసున్నది 20కో, ఇంకా కిందికో దిగిపోతుంది. 50 కొనమనేది ఈ కొరతను కాస్తయినా పూడ్చడానికే.

ముఖం, చెవులు, మెడ కలిపి అర టీ చెంచా కావాలి. చెంచా లేకపోతే చూపుడు వేలు, నడిమి వేలు చాపి, అడుగు గీత నుంచి కొస దాకా రెండు చారలు పిండండి. అదంతా ఒకేసారి ముఖం మీద వేస్తే జారుతుంది. ఒక చార పూసి, అది ఇంకాక రెండోది పూయండి. అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్దుకోవద్దు, సగం అక్కడే పోతుంది. చుక్కలుగా పెట్టి, వేలికొసలతో అద్దినట్టు పరచండి. పాపిడి, చెవుల పైఅంచు, మెడ వెనక, ముంజేతులు, చెప్పుల్లో బయటికి కనిపించే పాదం పైభాగం మరిచిపోయే చోట్లు. బండి నడిపేవాళ్లకు చేతి వేళ్ల వెనకవైపు మిగతా చేతికన్నా ముందు నల్లబడుతుంది.

మీరు సరిగ్గా వాడుతున్నారో లేదో ట్యూబే చెబుతుంది. ఒక్కోసారికి సుమారు 2 గ్రాములు పోతుంది కాబట్టి 50 గ్రాముల ట్యూబు పాతిక సార్లకు వస్తుంది. రోజుకు ఒకసారైతే నెలలోపు, రెండుసార్లైతే రెండు వారాల్లోపు అయిపోవాలి. మూడు నెలలు నడిచిందంటే మీరు రాసుకున్నది పేరుకే.

వరస ఇలా: ముఖం కడిగి, మాయిశ్చరైజర్ రాసే అలవాటుంటే రాసి ఐదు నిమిషాలు ఆగండి. తడి ఆరకముందే సన్‌స్క్రీన్ పూస్తే అది ఉండలు కట్టి పొరలా లేస్తుంది. పూశాక 15-20 నిమిషాలకు గడప దాటండి. పౌడర్, బొట్టు ఆ తర్వాతే. బయట ఉంటే ప్రతి రెండు గంటలకూ మళ్లీ పూయాలి. చెమట దస్తీతో రుద్ది తుడిస్తే సన్‌స్క్రీన్ కూడా దాంతోపాటే వస్తుంది, అద్ది తుడవండి. మేడారంలో జంపన్నవాగులో మునిగి లేచినా పూసింది పోయినట్టే లెక్క.

మిర్చి ఏరడానికి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఇంటి దగ్గరే పూసుకుని వెళ్లండి. తోటలో చేతులు కారంగా ఉన్నప్పుడు ముఖానికి పూసుకుంటే కళ్లూ చెంపలూ మండుతాయి. మధ్యాహ్నం మళ్లీ పూయాలంటే ముందు చేతులకు కొంచెం నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. మిరప మంట ఉత్త నీళ్లకు వదలదు. అలాంటి పనిలో ఒళ్లంతా ట్యూబు పూయడం ఖర్చుకు తట్టుకోలేం. ఒళ్లంతా బట్ట, ముఖానికే మందు, అది చాలు.

సన్‌స్క్రీన్ చెమటతో కారి కళ్లు మండుతుంటే కళ్ల చుట్టూ మాత్రం జింక్ ఆక్సైడ్ రకం వాడండి, కనురెప్పలకు మరీ దగ్గరగా వద్దు. ట్యూబును స్కూటీ డిక్కీలో పెట్టకండి. మే ఎండకు అందులో నీరూ నూనే విడిపోతాయి. పిండితే ముందు పల్చటి నీళ్లు కారి, తర్వాత గడ్డలు వచ్చిందంటే గడువు ఎంతున్నా పారేయాల్సిందే. ఆరు నెలలలోపు పిల్లలకు సన్‌స్క్రీన్ వద్దు, నీడ, బట్ట చాలు.

వంటింటి చిట్కాలు, తెల్లబరిచే ట్యూబులు

కొబ్బరినూనె, పసుపు, టాల్కం పౌడర్ ఎండను నమ్మకంగా ఆపవు. అవి హాని చేయకపోవచ్చు, నిమ్మకాయ మాత్రం చేస్తుంది. నల్లదనం పోవాలని నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్తే, ఆ రసంలోని పదార్థాలు ఎండ తగిలి చర్మాన్ని కాలుస్తాయి. ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు వస్తాయి, రసం కారిన దారి పొడవునా గోధుమరంగు చారలు నెలల తరబడి ఉండిపోతాయి.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది, డాక్టరు చీటీ లేకుండా తెచ్చుకుని రాసే తెల్లబరిచే క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు ట్యూబు మీద ఉంటే అది స్టెరాయిడ్. వారం పదిరోజులు ముఖం మెరుస్తుంది. నెలలు వాడితే చర్మం పల్చబడుతుంది, ఎర్ర నరాలు తేలతాయి, ఎండలోకి వెళ్తే మండుతుంది. ఆపేస్తే మరింత ఎర్రబడుతుంది, అందుకే మళ్లీ రాస్తారు. ఎన్నాళ్లుగానో వాడుతుంటే చర్మవైద్యుల సలహాతోనే మానండి.

దద్దురు ఎండదేనా?

ముఖం మీద దద్దురు రాగానే ‘ఎండ పడలేదు’ అంటాం. ఎక్కడ వచ్చిందో చూడండి. ఎండ వల్లనైతే పైకనురెప్పలు, గడ్డం కింద, చెవుల వెనక వంటి నీడపట్టు చోట్లు చాలావరకు బాగానే ఉంటాయి. కనురెప్పలు, మెడ మడతలు, మోచేతి మడతలు కూడా దురదపెడుతుంటే గట్ల మీద పెరిగే వయ్యారిభామను అనుమానించండి. దాని పుప్పొడి, ఎండిన పొడి గాలిలో వచ్చి పడినా చాలు. ఎంత సన్‌స్క్రీన్ రాసినా అది తగ్గదు, గడ్డి పీకించాలి. పీకేటప్పుడు దురదున్న మనిషి అక్కడ ఉండకూడదు.

కొన్ని మందులు వేసుకునేవాళ్లకు మామూలు ఎండే ఎక్కువవుతుంది. మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్, బీపీకిచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, మోకాళ్లకు రాసే కీటోప్రొఫెన్ జెల్ అలాంటివి. బీపీ మాత్ర సొంతంగా ఆపొద్దు, డాక్టరుకు చెప్పి మార్పించుకోండి.

ఎండకు కమిలి మండుతుంటే మామూలు చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డను పది పదిహేను నిమిషాలు వేసి తీయండి, ఐసుగడ్డ నేరుగా పెట్టకండి. తర్వాత మాయిశ్చరైజరో కలబంద జెల్లో రాసి నీళ్లు బాగా తాగండి. బొబ్బలు చిదమొద్దు. జ్వరం, వాంతులు, తికమక ఉంటే అది చర్మం సమస్య కాదు, వడదెబ్బ కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నెల దాటినా మానని పుండు, అంచులు మారుతూ పెరిగే పుట్టుమచ్చ, గోరు కింద కొత్తగా వచ్చిన నల్లచార, కింది పెదవి మీద పదేపదే రేగే పొక్కు ఉంటే చర్మవైద్యులకు చూపించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవిభాగం ఉంది. వెళ్లేటప్పుడు ముఖానికి రాస్తున్న ట్యూబులన్నీ, మెరుపు పోయి పేరు చెరిగినవైనా సరే, మింగే మాత్రల చీటీలతో కలిపి ఒక సంచిలో వేసుకెళ్లండి. ఆ రోజు పొద్దున ముఖానికి ఏమీ రాయకండి, పౌడర్ కూడా.